బాపట్ల ఆల్టర్నేటర్

కాదనవలసింది నేను. బాపట్ల సరోజ నాకంటే ముందు కాదంది. ఇది అన్యాయం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

దీనికంతటికీ మూలం మా అక్క గంగాభవాని. ఆమెకు తోడు మా బావ గంగయ్య, తెనాలి మెకానిక్ బర్నబాస్. ముగ్గురూ కలిసి నా కారులో అరిగిపోయిన ఆల్టర్నేటర్‌ను అడ్డం పెట్టుకుని నాకు పెళ్ళిచూపులు జరిపించారు. ఆ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు.

నాకు రేపల్లెలో డీజిల్ అంబాసిడర్ ఉంది. స్టేషన్ దగ్గర పెట్టి కిరాయికి తిప్పుతాను. మా వాళ్ళంతా పడవల మీద బతికారు. నేను మా ఊరి బళ్ళో అయిదో తరగతి చదివి, నీళ్ళు గిట్టక రోడ్డెక్కాను. నా భార్య రత్తమ్మ పచ్చకామెర్లతో పోయింది. ఆసుపత్రికి తీసుకెళతానంటే పసరు పోయిద్దాం ఆగమన్నవాళ్ళను నేను మరిచిపోలేదు. వాళ్ళ పేర్లు ఇక్కడ అనవసరం. వాళ్ళు చదివితే వాళ్ళకే తెలుస్తుంది.

నా బండికి ఒక నియమం ఉంది. ముందు సీట్లో, నా పక్కన, ఎవరూ కూర్చోకూడదు. అక్కడ రత్తమ్మ తాటాకు బుట్ట ఉంటుంది. దూరపు కిరాయి తగిలితే క్యారేజి ఆ బుట్టలో పెట్టుకుని ఆమె నా పక్కన కూర్చుని వచ్చేది. రోడ్డు మీద నా కంటే ముందే చూసి, "గేదె, గేదె!" అనేది. నాకు కనపడుతూనే ఉండేది, అయినా అనేది. ఇప్పుడు ఎంతమంది ఎక్కినా వెనకే సర్దుకోవాలి. ఇష్టం లేనివాళ్ళకు బస్సులున్నాయి.

తొంభై రెండు వేసవిలో తెనాలికి కిరాయి వెళ్ళాను. దారిలో స్టీరింగు ముందున్న ఎర్ర లైటు వెలిగింది, మరి ఆరలేదు. బానెట్ లోపల కీచుమని చప్పుడు. ఎక్కినవాళ్ళను దింపి, బండిని బర్నబాస్ షెడ్డుకు తీసుకెళ్ళాను. అతను ఆల్టర్నేటర్ మీద పానాతో రెండు దెబ్బలు కొట్టి, చెవి పెట్టి విని, తల ఊపాడు.

"బాబాయ్, ఇది అయిపోయింది. బేరింగు అరిగింది, లోపల కార్బన్ బొగ్గులూ అరిగినయ్. బ్యాటరీకి ఇంక చార్జింగు ఎక్కదు."

"బాగుచెయ్."

"దీన్ని లేపాలంటే చచ్చిన లాజరును లేపినాయనే దిగిరావాల. నా వల్ల కాదు. కొత్తది పడాల్సిందే."

"అయితే కొత్తది తెప్పించు."

"తెనాల్లో దొరికేయన్నీ డూప్లికేటు బాబాయ్. బాపట్లలో రైల్వే గేటు దగ్గర సరోజగారి కొట్టని ఉంది. అక్కడ అసలుది దొరుకుద్ది."

తెనాలిలో దొరకనిది బాపట్లలో దొరుకుతుందంటే ఎవడికైనా అనుమానం రావాలి. కానీ బర్నబాస్ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. అందుకని నమ్మాను. ఆ తరవాత ఆ షెడ్డు గడప తొక్కలేదు.

బర్నబాస్ షెడ్డు కుర్రాణ్ణి ఎక్కడికో పంపి, పక్క కొట్లో ఫోను చేసి వచ్చి, "డీజిల్ బండి కదా, ఇంజను తిరుగుతున్నంతసేపూ కరెంటుతో పనిలేదు" అన్నాడు. "ఆపితేనే చిక్కు, మళ్ళీ సెల్ఫు తీసుకోదు. బాపట్ల దాకా ఆపబాకు. హారన్ కొట్టబాకు."

అంతలో షెడ్డు ముందు రిక్షా ఆగింది. మా అక్కా బావా దిగారు. వాళ్ళు తెనాలిలోనే ఉంటారు. అక్క పట్టుచీర కట్టింది. బావ గంజి పెట్టిన పంచె కట్టాడు. ఆ పంచె ఆయన కంటే ముందు నడుస్తోంది.

"బాపట్ల పోతున్నావంటగా, మేమూ వస్తాం" అంది అక్క.

"మీకేం పని అక్కడ?"

"పరామర్శకి" అన్నాడు బావ.

"పేరంటానికి" అంది అక్క.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. అక్క బావ వైపు చూసింది. "ముందు పరామర్శ, తరవాత పేరంటం" అని సర్దింది. తరవాత సంచిలోంచి ఇస్త్రీ చొక్కా తీసి నా మీదకు విసిరింది.

"ఆ గ్రీజు చొక్కా విప్పి ఇది తొడుక్కో."

"ఆల్టర్నేటర్‌కు నా చొక్కాతో పనేంటి?"

"నలుగురిలోకి వెళ్ళేటప్పుడు మనిషిలా ఉండరా అంటే లాయరు ప్రశ్నలొకటి. తొడుక్కో!"

అది బావ చొక్కా. అందులో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. తొడుక్కున్నాను.

బావ ముందు తలుపు తీయబోయాడు.

"కాశీ, వెనక నా పొట్ట పట్టదురా. ఆ బుట్టని ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంటా."

"బావా, బస్టాండు అటుంది."

బావ నిట్టూర్చి వెనకే ఎక్కాడు. అక్క, "పాపం ఆ బుట్టకి గాలి తగలాలిగా!" అని గొణిగింది. వినపడనట్టు గేరు వేశాను.

హారన్ లేకుండా తెనాలి బజారు దాటడం తేలిక కాదు. ఆ పని అక్క తీసుకుంది. కిటికీలోంచి సగం మనిషి బయటికి వచ్చి, "తప్పుకోండయ్యో, హారన్ లేదు! ఓ సైకిలాయనా, నీకే చెబుతున్నా, చెవుల్లో దూదెట్టుకున్నావా?" అని అరుస్తూ వచ్చింది. ఊరి పొలిమేర దాటాక మేకల మంద అడ్డం వస్తే కాపరి మంద సంగతి వదిలేసి, మా అక్కనే చూస్తూ నిలబడ్డాడు. మేకలే పక్కకు తప్పుకున్నాయి. నా హారన్‌కు అంత మర్యాద ఎప్పుడూ దక్కలేదు.

పొన్నూరులో ఆపమంది. ఆపనన్నాను. ఇంజను ఆపొద్దు, బండి ఆపు అంది. ఇంజను తిరుగుతుండగా రోడ్డు పక్కన నిలబెట్టాను. తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ, అరటిపళ్ళు, మిఠాయి పొట్లం, మల్లెపూల చెండు పట్టుకొచ్చింది.

"ఇవన్నీ ఎందుకు?"

"బండికి కొత్త సామాను వేసేటప్పుడు పసుపూ కుంకుమా పెట్టి, ఆకూ వక్కా పెట్టి అందుకోవద్దూ? ఇనుమైనా అన్నం పెట్టేది అదేగా."

"మల్లెపూలెందుకు?"

"వాసనకి."

"డీజిల్ వాసనకా?"

"అవున్రా, డీజిల్ వాసనకే. తొక్కు, పోదాం."

దసరాకు నేనూ బండికి పసుపు కుంకుమ పెడతాను. కొత్త టైరు వేసినా నిమ్మకాయ తొక్కిస్తాను. అందుకని అడగడం మాని తొక్కాను. మా అక్కకు నా అలవాట్లన్నీ తెలుసు. వాటినే వల చేసి పట్టింది.

బాపట్ల రైల్వే గేటు దగ్గర కొట్టు దొరికింది. గల్లా దగ్గర ఒకామె కూర్చుని ఉంది. ముప్పై దాటిన మనిషి. కొప్పులో పెన్సిలు గుచ్చుకుంది. ఆమె సరోజ. భర్త పోతే కొట్టు తనే నడుపుకుంటోంది. పక్కన బల్ల మీద ఆమె తల్లి అంకమ్మ. వేసవిలో, మధ్యాహ్నం వేళ, ఆమె కూడా పట్టుచీరలోనే ఉంది. బాపట్లలో ఆచారం కాబోలు అనుకున్నాను.

మా వాళ్ళలో భర్త పోయిన మనిషి మారుమనువు చేసుకోవడం వింత కాదు. ఆ మాట అప్పుడు నాకు తట్టలేదు. నేను వచ్చింది ఆల్టర్నేటర్ కోసం.

"చెల్లెమ్మా, అంబాసిడర్ డీజిల్‌కు ఆల్టర్నేటర్ ఉందా?"

అంకమ్మకు పొలమారింది. అక్క నా నడుం దగ్గర గట్టిగా గిల్లింది.

"చెల్లెమ్మేంట్రా, నీ మొహం!"

"మరేమనాలి?"

"ఏమీ అనబాకు. సామాను పేరు చెప్పు చాలు."

సరోజ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందని నా అనుమానం. "ఉందండి" అంది. కొట్లో కూర్చున్న ఏ ఆడమనిషైనా "ఉంది అన్నయ్యా" అంటుంది. ఈమె అన్నయ్యా అనలేదు. పొగరు అనుకున్నాను.

ఆల్టర్నేటర్ అట్టపెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టింది. అక్క, అంకమ్మ కలిసి దాన్ని ఇత్తడి పళ్ళెంలో కూర్చోబెట్టారు. కింద తమలపాకులు, పక్కన వక్కలు, పళ్ళు, కొబ్బరికాయ. పైన పసుపు, కుంకుమ బొట్టు. మల్లెపూలు మాత్రం సరోజ తలలోకి వెళ్ళాయి. అంకమ్మ పళ్ళెం రెండు చేతులా పట్టుకుని నా ముందుకు వచ్చింది.

"అందుకో నాయనా."

చెప్పులు విడిచి రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాను. బావ "శుభం!" అన్నాడు. పక్కన కిళ్ళీకొట్టు వాళ్ళు కూడా వచ్చి చూశారు. ఒక ఆల్టర్నేటర్ కొంటే బాపట్లలో ఇంత మర్యాద చేస్తారా అని నిజంగా సంతోషించాను.

ఇంజను ఆపాను. కొట్టు మెకానిక్ ఆరోజు రాలేదట. అది కూడా వాళ్ళ ఏర్పాటే. "మీరు బిగించండి, నేను పట్టుకుంటాను" అంది సరోజ. మిగిలినవాళ్ళు కొట్టు లోపలికి తప్పుకున్నారు.

ముందు బ్యాటరీ వైరు తీశాను. బోల్టు వదులు చేసి బెల్టు జారవిడిచాను. పాతదాని వెనక ఉన్న వైర్లకు, ఏది ఎక్కడిదో తెలిసేలా, ఆమె ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి తెల్లదారం కట్టింది. పాతదాన్ని దింపి చేత్తో తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగరలాడింది. కొత్తదాన్ని ఆమె కింద నుంచి ఎత్తి పట్టుకుంటే నేను బోల్టు దూర్చాను. ఒక్క దెబ్బకు దూరింది. రత్తమ్మకు ఇలాంటి పనులు రావు. ఆ మాట ఊరికే రాస్తున్నాను.

పనిచేస్తూ ఆమె ప్రశ్నలు వేసింది.

"పొద్దున్నే ఎప్పుడు లేస్తారు?"

"కిరాయి ఉంటే తెల్లారకముందే."

"లేకపోతే?"

"లేవను."

"వంట ఎవరు చేస్తారు?"

"నేనే."

"ఏం వండుకుంటారు?"

"అన్నం."

"కూర?"

"ఉంటే."

"ఎవరితోనన్నా మాట్లాడుతుంటారా?"

"అవసరమైతే."

"ఎప్పుడు అవసరమవుద్ది?"

"ఇంతవరకూ కాలేదు."

ఆమె పకపకా నవ్వింది. నేను నవ్వించడానికి అనలేదు. అయినా ఆమె నవ్వు ఆగేదాకా పానా తిప్పలేదు. కొట్టువాళ్ళు ఎక్కువ మాట్లాడతారు, అది వాళ్ళ వ్యాపారం అని సరిపెట్టుకున్నాను.

బెల్టు ఎక్కించాం. ఆమె ఇనప కడ్డీతో ఆల్టర్నేటర్‌ను వెనక్కి ఎగదోసి పట్టుకుంది, బెల్టు బిగువుకు వచ్చింది, నేను బోల్టు బిగించాను. ఆమె బొటనవేలితో బెల్టు నొక్కి చూసి, "చాలండి. ఇంకా బిగిస్తే బేరింగు తినేస్తది" అంది. నేనూ అదే అనబోయాను.

బ్యాటరీలో పస లేదు. బావ, కిళ్ళీకొట్టు వాళ్ళు తోశారు. బావ పంచె గంజి అక్కడితో దిగిపోయింది. ఇంజను అందుకుంది. బండిని వెనక్కి తిప్పుకొచ్చి కొట్టు ముందు నిలబెట్టాను. ఎర్ర లైటు ఇంకా మినుకుమంటోంది. రేసు పెంచితే ఆరాలి. నేను దిగి బానెట్ దగ్గర నిలబడి చేత్తో రేసు పెంచుతున్నాను.

"నేను చూస్తాను ఉండండి" అంటూ సరోజ కొట్టు వైపున్న ఎడమ తలుపు తీసింది. కూర్చోవడానికి వంగి, బుట్ట జరపబోయింది.

"బుట్ట ముట్టుకోవద్దు!"

నేను మామూలుగానే చెప్పాను. అరిచానని తరవాత అక్క అంది. కిళ్ళీకొట్టు ముందు నిలబడినవాళ్ళు ఇటు తిరిగిన మాట నిజం.

సరోజ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ బుట్టను కాసేపు చూసింది. తరవాత బయటే నిలబడి, మెడ చాచి, లోపలికి చూసింది.

"లైటు ఆరిపోయిందండి" అంది. తలుపు మెల్లగా వేసింది. ఆ తరవాత ప్రశ్నలు అడగలేదు.

చేతులు కడుక్కుని కొట్టులోకి వెళ్ళేసరికి అంకమ్మ మిఠాయి పళ్ళెంతో ఎదురొచ్చింది.

"నోరు తీపి చేసుకోండి అల్లుడుగారూ."

"ఎవరి అల్లుడు?"

అక్క గొంతు సవరించుకుంది. "ఒరేయ్ కాశీ, నీ మంచికేరా. ఎన్నాళ్ళని ఒంటరిగా? తాంబూలం పుచ్చుకున్నావుగా, ఇంక మాట్లాడకు."

"నేను పుచ్చుకుంది ఆల్టర్నేటర్!"

"దాని కింద ఆకులు లేవూ? వక్కలు లేవూ? కళ్ళకద్దుకోలేదూ?"

"నేను సాక్షిని" అన్నాడు బావ, మిఠాయి నములుతూ. "ఈ బజారంతా సాక్షి."

అప్పుడు నాకు అంతా తెలిసింది. పట్టుచీరలు, చొక్కా, మల్లెపూలు, బర్నబాస్. రత్తమ్మ పోయిన నాడే చెప్పాను, నా దగ్గర మనువు మాట ఎత్తవద్దని. అందరి ముందూ చెప్పాను. ఇప్పుడు ఊపిరి గట్టిగా పీల్చుకుని నోరు తెరిచాను. ఏమనబోయానో బయటికి రాలేదు కాబట్టి ఎవరికీ తెలియదు. కాదనబోయాననే అనుకోండి.

"నాకొద్దులే అమ్మా" అంది సరోజ.

అంకమ్మ చేతిలో పళ్ళెం వంగింది. "అదేంటే? ఇందాకటి దాకా నవ్వుతూనే ఉన్నావుగా!"

"మనిషి మంచోడే. నవ్విస్తాడు కూడా, తనకు తెలియకపోయినా. కానీ ఆ బండిలో ఆవిడ ఇంకా దిగలేదమ్మా. ముందు సీట్లోనే ఉంది. నేను వెనక కూర్చుని కాపరం చెయ్యలేను."

నా వైపు తిరిగి, "తప్పుగా అనుకోకండి. ఆవిణ్ణి దింపమని నేను అనను. అనే హక్కూ లేదు" అంది. తరవాత ఆకులూ వక్కలూ ఉన్న పళ్ళెం బావకు ఇచ్చింది. "ఇవి మీరు వేసుకోండి బాబాయ్, అరుగుద్ది."

బావ అక్కడికక్కడే తాంబూలం మొత్తం నమిలేశాడు. దాంతో సాక్ష్యం కూడా పోయింది.

నేనింకా నోరు తెరిచే ఉన్నాను. కాదన్నదాన్ని మళ్ళీ కాదనడం ఎలా? తెరిచిన నోట్లో ఏదో ఒకటి పడాలని మిఠాయి ఒకటి వేసుకుని బయటికి వచ్చాను.

అక్కనూ బావనూ బాపట్ల స్టేషన్ దగ్గర దింపేశాను. తెనాలికి రైళ్ళు చాలా ఉన్నాయి. అక్క ఏడ్చింది. "నీ బుట్టా నువ్వూ ఊరేగండి!" అంది. బావ కిటికీలో తల పెట్టి, "చొక్కా ఉంచుకోరా" అన్నాడు.

రేపల్లె దాకా హారన్ కొడుతూ వెళ్ళాను. అడ్డం ఎవరూ లేకపోయినా కొట్టాను. కొత్త ఆల్టర్నేటర్ మంచిది. హారన్ ఊళ్ళకు ఊళ్ళు వినపడింది.

మరుసటి ఏడు ముందు సీటు చిరిగింది. కొత్త కవర్లు కుట్టించాను. కవర్లు వేసేటప్పుడు ఎటూ బుట్ట తీయాలి. తీసి ఇంట్లో ఉట్టి మీద పెట్టాను. సీటు చిరగడం వల్ల తీశాను, మరే కారణమూ లేదు. ఆ వారంలోనే బాపట్లకు కిరాయి వచ్చింది. అది రాకపోయినా బాపట్లకు ఎవరో ఒకరు ఎక్కేవాళ్ళే. ఎక్కినవాళ్ళను దింపాక బెల్టు చూపిద్దామని రైల్వే గేటు దగ్గర ఆగాను.

సరోజ బయటికి వచ్చింది. బానెట్ ఎత్తి బొటనవేలితో బెల్టు నొక్కింది.

"బాగానే ఉంది అన్నయ్యా."

ఆ మాట సరిగ్గా అలాగే అంది.

బానెట్ వేసి, కారు లోపలికి చూసింది.

"ముందు సీటు ఖాళీ చేశావే."

"కవర్లు కొత్తవి."

"బాగున్నయ్." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "పోయిన మాఘంలో మా అమ్మ పట్టుబట్టి వాడరేవు సంబంధం చేసింది. బోటు ఇంజన్లు బాగుచేస్తాడు. తనిప్పుడు చీరాల దాకా వెళ్ళాలంట, దింపుతావా అన్నయ్యా?"

దింపుతానన్నాను. చేతిలో పొట్లంతో ఆయన వచ్చాడు. తిన్నగా ముందు తలుపు తీసుకుని కూర్చున్నాడు. బండి తీశాను. భార్య అన్నయ్యా అంటే నేను ఆయనకు బావనవుతాను కాబట్టి, దారి పొడుగునా బావా, బావా అన్నాడు. వేరుశెనక్కాయలు వలుచుకు తిన్నాడు. తొక్కలు కొత్త కవర్ల మీద పడ్డాయి.

"ముందు సీటు మెత్తగా ఉంది బావా" అన్నాడు.

చీరాల ఇంకా రాకముందు రోడ్డు మీద ఏదో నల్లగా కదిలింది. నాకు కనపడుతూనే ఉంది.

"బావా, గేదె, గేదె!" అన్నాడు.

బ్రేకు వేశాను. గేదె దాటేదాకా ఆగాను. దాటిపోయాక కూడా కాసేపు ఆగాను. ఆయన నా మొహం చూసి పొట్లం ముందుకు చాపాడు. రెండు కాయలు తీసుకున్నాను.

ఆ ఆల్టర్నేటర్ ఇప్పటికీ పనిచేస్తోంది. దాని గురించి ఎవరైనా అడిగితే చెబుతాను. బెల్టు గురించి అడిగినా చెబుతాను. సరోజ సంగతి మాత్రం ఇక నా దగ్గర ఎవరూ ఎత్తవద్దు. అక్క, బావ, బర్నబాస్ అసలే ఎత్తవద్దు. చెప్పవలసింది ఒకసారి చెప్పాను. మళ్ళీ ఎప్పుడూ చెప్పను.